భీమిలిలో మూడు రోజులు

నాలుగేళ్లుగా రాఘవులు ఒక్క పండగ కూడా ఇంట్లో చేసుకోలేదు. దసరా, దీపావళి, ఉగాది, ఆఖరికి మనవరాలు అమ్ము పుట్టినరోజులు కూడా ఇనుప గని కొండమీదే, డంపర్ క్యాబిన్‌లోనే గడిచిపోయాయి. కిరందుల్ టౌన్‌షిప్‌లో అతన్ని అందరూ మంచివాడనేవారు. పండగపూట ఎవరికి సెలవు కావాలన్నా వాళ్ల పగటి డ్యూటీ రాఘవులు తీసుకుంటాడు, బదులుగా తన రాత్రి షిఫ్ట్ వాళ్లకు అంటగడతాడు, అంతే కదా. అందులో మంచితనం పాలెంతో రాఘవులుకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు, ఒక్క మంగల్‌కి తప్ప.

చీకటి పడితే రాఘవులుకి కళ్లు కనబడవు. అది మొదలు. ఆ తర్వాత పట్టపగలు కూడా పక్కలు పోతూ వచ్చాయి. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనిపిస్తుంది, కానీ ఊదుగొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. కంచంలో అన్నం కనిపిస్తే పక్కనున్న కూరగిన్నె కనిపించదు. రెండేళ్ల కిందట ఎవరికీ చెప్పకుండా జగదల్‌పూర్ వెళ్లి ఒక ప్రైవేటు డాక్టరుకి చూపించుకున్నాడు. ఆయన కాగితం మీద పెద్ద సున్నా చుట్టి, మధ్యలో శనగగింజంత చుక్క పెట్టి, నీకు మిగిలింది ఇదేనని, ఇదీ కొన్నాళ్లేనని, దీనికి మందు లేదని చెప్పాడు. బండి ఏమైనా నడుపుతావా అని అడిగితే రాఘవులు సైకిలని చెప్పి బయటపడ్డాడు.

అతను నడిపేది గనిలో మట్టి మోసే వంద టన్నుల డంపర్. ఒక్కో చక్రం అతని కంటే ఎత్తు ఉంటుంది.

మరి కంపెనీ మెడికల్‌లో ఎలా నెగ్గుకొచ్చాడంటే, అక్కడ మోసమేమీ చెయ్యలేదు, అదే విచిత్రం. గోడకి అట్ట తగిలించి అక్షరాలు చదవమంటారు. అక్షరాలు ఎదురుగానే ఉంటాయి కదా. మొన్న మార్చిలో కూడా అట్టమీద అడుగు వరస గడగడా చదివేశాడు. ఈ వయసులో ఇదేం చూపు బాబూ అని కాంపౌండరు మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పుకి రాఘవులు నవ్వలేక నవ్వి, ఇంటికొచ్చి దొడ్లో కూర్చుని ఏడ్చాడు.

మంగల్ కొండ కింద పల్లెవాడు. ఇనుము లేని మట్టిని లోయలో పారబోసే చోట నిలబడి డంపర్లకి దారి చూపించడం అతని పని. స్పాటర్ అంటారు. డంపర్ వెనక్కి వస్తుంటే డ్రైవర్ కూర్చునే ఎడమపక్కన, లోయ అంచు దగ్గర నిలబడి జెండా ఊపాలి. వేళకి ఆగకపోతే డంపర్ లోయలోకి పోతుంది. కాస్త ఒరిగితే మంగల్ మీదికే వస్తుంది. ఏడాదిన్నర కిందట ఒకరోజు మంగల్ ఎంత జెండా ఊపినా డంపర్ ఆగలేదు. అతను గెంతి తప్పుకున్నాడు కాబట్టి బతికాడు. షిఫ్ట్ దిగాక రాఘవులుని పక్కకి పిలిచాడు.

"దాదా, సచ్ చెప్పు. నేను కనబడ్డానా, లేదా?"

రాఘవులు దాచలేకపోయాడు. మంగల్ బీడీ చివరిదాకా కాల్చి పారేశాడు. తర్వాత నడుముకున్న వాకీటాకీ తట్టి చూపించాడు.

"జెండా ఆఫీసర్ సాబ్‌లోగ్ కోసం ఊపుతా. నీకు దీంట్లో చెప్తా. ఆజా అంటే రా, బస్ అంటే ఆగిపో. కిసీకో బోల్నా నహీ, ఎవరికీ చెప్పకు."

పదిహేనేళ్ల కిందట మంగల్‌ని ఆ పనిలో పెట్టించడానికి రాఘవులు కనబడ్డ ప్రతి ఆఫీసరు వెంటా తిరిగాడు. మంగల్ అది మరిచిపోలేదు. అలా ఒకడి కళ్లతో ఇంకొకడు బండి నడుపుతూ వచ్చారు. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. కొడుకు గిరీష్ పనిచేసే కాంట్రాక్టు మార్చిలో ముగిసిపోయి, ఇంకో పని దొరక్క ఇంట్లోనే ఉన్నాడు. ఉంటున్న క్వార్టర్ రాఘవులు పేరు మీద ఉంది. మెడికల్ అన్‌ఫిట్ అని రాశారంటే అదృష్టం బాగుంటే గేటు దగ్గర కుర్చీ ఇస్తారు, లేకపోతే ఇంటికే పంపిస్తారు. రాఘవులుకి తన అదృష్టం మీద ఎప్పుడూ పెద్ద నమ్మకం లేదు.

ఇలా ఉండగా భార్య గంగారత్నం సముద్రం మాట ఎత్తింది.

"ఏటయ్యా, నాలుగేళ్లయింది మనం ఊరు కదిలి. నువ్వు మనువాడింది నన్నా, ఆ కొండనా?" అంది ఒక మే నెల మధ్యాహ్నం, అన్నం వడ్డిస్తూ.

ఆవిడ వెనక కోడలు ఊర్మిల ఉంది. జగదల్‌పూర్‌లో హల్బీ మాట్లాడే ఇంటి పిల్ల, పెళ్లయ్యాక తెలుగు నేర్చుకుంది. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. ఫోన్‌లో ఎవరో పెట్టిన భీమిలి వీడియోలు చూసి, టేకు స్తంభాల పాత మేడలు, రంగుటద్దాల కిటికీలు, ఎప్పుడో వ్యాపారానికొచ్చిన డచ్చివాళ్ల సమాధులు, అన్నీ చూడాలని ఆశపడింది. ఆరేళ్ల అమ్ము అయితే అప్పటికే బకెట్, పార సర్దేసుకుంది.

రాఘవులు కంచం పక్కకి జరిపాడు. కిరందుల్‌లో అతనికి కళ్లతో పనిలేదు. క్వార్టర్ మెట్లు మూడు, గేటు దాకా పన్నెండు అడుగులు, షిఫ్ట్ బస్సు ఆగే చోటికి రెండొందల పది. ఆ లెక్కలతోనే గుట్టుగా బతికేస్తున్నాడు. కొత్త ఊళ్లో, ఎత్తుపల్లాల మెట్ల మీద, జనంలో రెండు రోజులు తిరిగితే ఏదో ఒకచోట బోర్లాపడతాడు, అంతా బయటపడుతుంది. అందుకని మోకాలి నొప్పన్నాడు, ఎండలన్నాడు, సెలవివ్వరన్నాడు. మోకాలికి గంగారత్నం తైలం తెచ్చింది. సెలవు సంగతి చూడ్డానికి తనే ఫోర్‌మన్ ముకేష్ ఇంటికెళ్లి, వాళ్లావిడతో గంటసేపు కబుర్లాడి, వారపు సెలవు కాక ఇంకో మూడు రోజుల సెలవు చేతిలో పెట్టించుకుని మరీ వచ్చింది. ఆవిడ అనుకుంటే అయిపోవాల్సిందే.

పొద్దున్నే కిరందుల్‌లో రైలెక్కారు. అందరూ కిటికీలకి అతుక్కుపోయారు. బచేలి దాటింది, దంతేవాడ దాటింది, జగదల్‌పూర్‌లో ఊర్మిల పుట్టింటివాళ్లు డబ్బానిండా కూరలు తెచ్చి కిటికీలోంచి అందించారు. కొండల్లోకి దిగాక సొరంగాలు మొదలయ్యాయి. సొరంగం వచ్చినప్పుడల్లా అమ్ము కేరింతలు కొడుతూ లెక్కపెట్టింది. సొరంగం వచ్చినప్పుడల్లా రాఘవులు సీటు అంచుని గట్టిగా పట్టుకున్నాడు. విశాఖలో దిగేసరికి రాత్రయింది. నిద్రొస్తోందిరా అని వంక పెట్టి గిరీష్ భుజం పట్టుకుని స్టేషన్ దాటాడు.

మర్నాడు పొద్దున్న భీమిలి ఒడ్డున నిలబడి గంగారత్నం రెండు చేతులూ బార్లా చాపింది.

"చూడయ్యా, ఎంతుందో!"

రాఘవులుకి ఓ గిన్నెడు నీళ్లు కనిపించాయి. తల కొంచెం తిప్పితే ఇంకో గిన్నెడు. అలా ముక్కలు ముక్కలుగా సముద్రాన్ని పోగుచేసుకుంటూ, "ఆఁ, చాలా ఉంది," అన్నాడు. ఊర్మిల మొదట భయపడి, తర్వాత చీర తడిసిపోయేదాకా అలల్లో నిలబడి నవ్వింది. గిరీష్ మార్చి నెల తర్వాత మొదటిసారి ఈల వేశాడు. వేయించిన చేపలు తిన్నారు. లైట్‌హౌస్ దగ్గర ఫోటోలు దిగారు. వీళ్లింత సంతోషంగా ఉండడం చూసి ఎన్నాళ్లయిందని రాఘవులుకి అనిపించింది. మధ్యలో రెండుసార్లు ఎవరినో గుద్దుకున్నాడు. ఒకసారి ఇసకలో కట్టిన తాడు తగిలి పడబోయాడు. నీరసం అన్నాడు, వాళ్లు నమ్మారు. ఇక రెండు రోజులే, గట్టెక్కేస్తానని అనుకున్నాడు.

రెండోరోజు పాత ఇళ్ల వంతు. ఊర్మిల ప్రతి గుమ్మం ముందూ ఆగి ఫోటో తీసింది. గడపల మీది చెక్కడాలు, ఇత్తడి గొళ్లేలు, సున్నం రాలిన గోడలు, ఏదీ వదల్లేదు. తలుపులకే ఇన్ని ఫోటోలైతే మనుషులకి చోటుంటుందా ఫోన్‌లో అని గంగారత్నం వేళాకోళమాడింది. చివరగా సముద్రానికి దగ్గర్లో ఒక పెద్ద మేడ దగ్గరికి వచ్చారు. ఒకప్పుడు ఉప్పు వ్యాపారం చేసిన షావుకారుదట. ఇప్పుడెవరూ ఉండడంలేదు. అడిగితే కాపలావాడు తలుపు తీసి మేడమీదికి పంపిస్తాడు.

లోపలి చెక్కమెట్లు చూడగానే రాఘవులు ఆగిపోయాడు. ఎండలోంచి చూస్తే ఆ గుమ్మంలో అతనికి ఏమీ కనిపించలేదు.

"మోకాలు లాగేస్తంది. మీరెళ్లండి, నేనిక్కడ అరుగు మీద కూకుంటాను."

"అయితే పిల్లని చూస్తుండు. పది నిమిషాల్లో వచ్చేస్తాం," అంది గంగారత్నం.

అమ్ము అరుగు కింద ఇసకలో పుల్లతో రైలు బొమ్మ గీస్తోంది. ఇంటి వెనక నాలుగు మెట్లు దిగితే ఇసక, ఆ ఇసక దాటితే సముద్రం. రాఘవులు పిల్ల మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. పసుపు గౌను, రెండు జడలు, పుల్ల. ఇంజను అయింది, ఒక పెట్టె అయింది, రెండో పెట్టె అవుతోంది. ఇంతలో తాండ్ర అమ్మేవాడొకడు వచ్చి కావాలా అని అడిగాడు. వద్దని చెప్పడానికి రాఘవులు తల తిప్పాడు. తిరిగి చూసేసరికి ఇసకలో రెండో పెట్టె సగంలో ఆగిపోయి ఉంది. పిల్ల లేదు.

"అమ్మూ!"

పిల్ల ఎక్కడికీ పోలేదు. అరుగెక్కి వచ్చి అతని ఎడమపక్కనే నిలబడింది. ఇంట్లో దాగుడుమూతలాడినప్పుడల్లా తాత ఎదురుగా ఉన్నా కనబడనట్టు వెతుకుతాడు, చివరికి ఓడిపోతాడు. తనని నవ్వించడానికే అలా చేస్తాడని అమ్ముకి గట్టి నమ్మకం. ఇప్పుడూ అంతే అనుకుని, రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వాపుకుంది. తాత కుడికి తిరిగితే తను ఎడమకి, తాత ఎడమకి తిరిగితే తను ఇంకా వెనక్కి.

"అమ్మూ! ఒలే అమ్మూ!"

రాఘవులు అరుగు మీంచి గెంతాడు. వెనక మెట్ల వైపు పరుగెత్తాడు. నాలుగో మెట్టు లేదనుకుని కాలేసి మోకాళ్ల మీద పడ్డాడు, లేచి మళ్లీ పరుగెత్తాడు. ఎక్కడ చూసినా ఇసకే. దూరంగా నీళ్లలో పసుపుపచ్చగా ఏదో తేలింది, మునిగింది, మళ్లీ తేలింది. వలకి కట్టిన డబ్బా అది. అతనికది గౌనులా కనిపించింది. చొక్కాతో, చెప్పులతో నీళ్లలోకి దూకేశాడు.

తాత పరుగెత్తితే పిల్ల వెనకే పరుగెత్తింది. తాత నీళ్లలో దిగితే పిల్లా దిగింది. ఆట ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు మరి.

అల వచ్చి అతని నడుముని కొట్టింది. అప్పుడు వినిపించింది.

"తాతా!"

చాలా దగ్గర్లోంచి వచ్చింది ఆ కేక. తిరిగాడు. నీళ్లు. ఇటు తిరిగాడు. నురగ. "తాతా" అని మళ్లీ వచ్చింది, సగంలో నీళ్లు మింగిన చప్పుడుతో ఆగిపోయింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో పిల్ల మునిగిపోతోంది, తనకి కనబడడంలేదు. ఏ పక్కో తెలియడంలేదు. గుడ్డివాడిలా నీళ్లని రెండు చేతులతో బాదుతూ, "అమ్మా, ఎక్కడున్నావే, ఎక్కడున్నావే తల్లీ" అని గొంతు చించుకుని ఏడ్చాడు. చేతికి నాచు తగిలింది. ఇసక తగిలింది. పిల్ల తగల్లేదు.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ముసలమ్మ ఒకత్తె నీళ్లలోకి వచ్చి, అతని మోచేతి పక్కనుంచే పిల్లని జడలు పట్టుకుని పైకి లాగింది.

"పక్కనున్న పిల్లని ఒగ్గేసి ఎవుల్ని ఎతుకుతున్నావయ్యా! కళ్లు దొబ్బినాయేటి నీకు?" అని తిట్టింది.

ఆ మాట అంత సూటిగా అతన్ని ఇంతవరకు ఎవరూ అనలేదు. అప్పటికి ఆ కేకలకి మేడమీంచి అందరూ దిగి పరుగెత్తుకొచ్చారు. పిల్ల నీళ్లు కక్కి, దగ్గి, వెక్కివెక్కి ఏడ్చి, చివరికి ఊర్మిల మెడ కరుచుకుని, "నేను తాత పక్కనే ఉన్నానమ్మా. తాత ఆట ఆపలేదు," అంది.

ఊర్మిల మామగారి ముఖంలోకి చూసింది. అతను ఆవిడ భుజానికి అవతల ఎక్కడో చూస్తున్నాడు.

ఆ సాయంత్రం లాడ్జి వరండాలో రాఘవులు అంతా చెప్పేశాడు. చీకట్లో కనబడకపోవడం, జగదల్‌పూర్ డాక్టరు, పండగ డ్యూటీలు, మంగల్ వాకీటాకీ, ఏదీ మిగల్చలేదు. ఇన్నాళ్లు మోసినది దించేసరికి ఒళ్లు తేలికవుతుందనుకున్నాడు. గంగారత్నం నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పక్కన పడుకుంటూ నాలుగేళ్లు కనిపెట్టలేని తనదేం కాపురమని తిట్టుకుంది. రేపు పొద్దున్నే ఆఫీసులో చెప్పేసి రాజీనామా ఇచ్చెయ్యి అంటుందని రాఘవులు ఎదురుచూశాడు. అలా అంటే భయం, అనకపోతే ఇంకా భయం.

"పద్నాలుగు నెలలే కదయ్యా," అంది గంగారత్నం కళ్లు తుడుచుకుని.

రాఘవులు తల ఎత్తాడు.

"నాలుగేళ్లు లాక్కొచ్చావు. పద్నాలుగు నెలలు ఎంతలో గడిచిపోతాయి? ఇప్పుడు అన్‌ఫిట్టని రాసేస్తే క్వార్టర్ ఖాళీ చెయ్యమంటారు. పిల్లతో, వీళ్లతో ఎక్కడికెల్తాం? ఆడికి చూస్తే పని లేదు."

గిరీష్ నేల చూపులు చూస్తూ అన్నాడు. "మంగల్ బాబాయి ఉన్నాడు కదా నాన్నా. ఇంతకాలం ఏమీ అవలేదు. ఈలోగా నాకేదో ఒకటి దొరుకుతుంది. కొంచెం ఓర్చుకో."

వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. భయపడ్డారు, అంతే. రాఘవులు వాళ్ల భయం చూసి, సరే అన్నాడు. ఇల్లు నిలబెట్టాల్సింది తనేనని చిన్నప్పట్నుంచీ ఒంటబట్టిన మాట, అంత తొందరగా వదిలిపోతుందా.

మర్నాడు పొద్దున్న సామాన్లు సర్దుతుంటే ఊర్మిల అతని దగ్గరికి వచ్చింది. తల కిందికి దించుకుని, మాటలు కూడబలుక్కుంటూ చెప్పింది.

"మామయ్యా, బురా అనుకోకండి. అమ్ముని ఇక మీ దగ్గర అకేలే, ఒక్కదాన్నే వదలను. రైల్లో కూడా. పది నిమిషాలు కూడా వదలను."

"వద్దమ్మా. వదలొద్దు," అన్నాడు రాఘవులు.

తిరుగు రైల్లో అమ్ముని తల్లి కిటికీ వైపు కూర్చోబెట్టుకుంది. తాత పక్క సీటు ఖాళీగా ఉండిపోయింది. దంతేవాడ దాటేదాకా రాఘవులు ఆ ఖాళీ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పది నిమిషాలు పిల్లని తనకి వదలరు. సబబే. మరి మంగల్ కూడా ఎవరో ఒకరి పిల్లవాడే. వాణ్ణి రోజూ ఎనిమిది గంటలు తన చక్రం పక్కన నిలబెట్టమంటున్నారు. సరేనని తలూపి వచ్చింది తనే. వాడు లోయ అంచున నిలబడి ఎప్పుడైనా "దాదా" అని అరిస్తే, నీళ్లలో చేతులు బాదుకున్నట్టు స్టీరింగ్ పట్టుకుని ఏ పక్క తిరగాలో తెలియక వెతుక్కుంటాడా? ఆ ఆలోచన వచ్చాక అతను కిటికీ వైపు తిరిగిపోయాడు. గంగారత్నం ఏమైందని రెండుసార్లు అడిగింది. ఏమీ లేదన్నాడు.

మర్నాడు పొద్దున్న షిఫ్ట్‌లో, రాత్రి వానకి ఎర్రమట్టి తడిసి జారుతున్న డంపర్ యార్డులో ఇంజన్లు మొదలయ్యాయి. రాఘవులు నిచ్చెన ఎక్కలేదు. తాళంచెవి పట్టుకుని ఫోర్‌మన్ ముకేష్ ముందు నిలబడ్డాడు. ముకేష్ భోపాల్‌పట్నం వైపువాడు, కోపిష్టి గానీ కుళ్లు లేనివాడు.

"సార్, నేను బండి నడపను. నాకు కళ్లు కనబడవు."

ముకేష్ హాజరు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే నవ్వాడు.

"ఏంది దాదా, మూడు రోజులు సముద్రం చూసొచ్చి నౌటంకీ డ్రామా మొదలుపెట్టినవ్? మార్చిల మెడికల్ పాసైనవ్ కదా, ఆఖరి లైన్ దాకా చదివినవంట. కాంపౌండర్ ఊరంతా చెప్పుకున్నడు."

"అక్షరాలు ఎదురుగా ఉంటాయి సార్. నాకు ఎదురుగా ఉన్నదొక్కటే కనబడుద్ది. పక్కన ఏనుగున్నా తెలీదు."

"రిటైర్మెంట్ దగ్గరపడితే అందరికీ ఏదో ఒకటి కనబడదు, ఏదో ఒకటి వినబడదు. కిందటి నెల ఒకనికి నడుం పట్టింది, అంతకుముందు ఇంకొకనికి చెవులు పోయినయ్. అందరికీ గేట్ కాడ కుర్చీ కావాలె. నాకు ఇవాళ ఇద్దరు ఆపరేటర్లు తక్కువున్నరు. ఎక్కు దాదా, టైమ్ ఖరాబ్ చెయ్యకు."

రాఘవులు కదల్లేదు. నాలుగేళ్లు అబద్ధం చెబితే అందరూ నమ్మారు. ఒక్కరోజు నిజం చెబుతుంటే నమ్మేవాడు లేడు. చుట్టూ ఆపరేటర్లు మూగి నవ్వుతున్నారు. నాలుగు దసరాలు తన పుణ్యాన ఇంట్లో గడిపినవాళ్లే.

"కుర్చీ వద్దు సార్. ఇంటికి పంపించెయ్యండి, క్వార్టర్ ఖాళీ చేసేస్తాను. మొన్న భీమిలిలో నా మనవరాలు నా చేతికిందే మునిగిపోయింది. నాకు కనబడలేదు సార్. పక్కనే ఉంది, కనబడలేదు." తాళంచెవి ముందుకి చాపాడు. "మంగల్‌ని అడగండి. వాడికి తెలుసు. ఏడాదిన్నర నుంచి వాడే నాకు వాకీటాకీలో చెప్పి నడిపిస్తున్నాడు. ఇందాక బస్సులో నాతోనే వచ్చాడు. ఒక్కసారి పిలిపించండి సార్."

నవ్వులు ఆగిపోయాయి. ముకేష్ పుస్తకం మూసి అతని వైపు చూశాడు. కాదు, అతని ఎడమ భుజం వైపు చూశాడు.

రాఘవులు ఆ చూపు అర్థం కాక ఇంకా బతిమాలాడు. "ఉద్యోగం పోతుందని వాడు భయపడి ఉంటాడు. దాచిపెట్టమన్నది నేనే, వాడి తప్పేం లేదని రాసిస్తాను. రేపో మాపో వాణ్ణి నా చేతులతో నేనే చంపేస్తాను సార్, నా మాట వినండి. ఒరే మంగల్! ఎక్కడున్నావురా? మంగల్!"

అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఎర్రమట్టి కనిపించింది, చక్రం కనిపించింది, నోరు తెరుచుకుని చూస్తున్న ఒక ఆపరేటర్ ముఖం కనిపించింది.

మొదట్నుంచీ మంగల్ అతని పక్కనే ఉన్నాడు. మోచేతికి జానెడు దూరంలో, జెండా గుండెకి అదుముకుని, ఔనని చెప్పడానికి ధైర్యం చాలక, కాదనడానికి నోరు రాక, కళ్లనీళ్లు కారుతుంటే కదలకుండా నిలబడి ఉన్నాడు.

ముకేష్ ముందుకొచ్చి రాఘవులు చేతిలోంచి తాళంచెవి మెల్లగా తీసుకున్నాడు.

"మంగల్‌ని పిలవండి సార్," అన్నాడు రాఘవులు మళ్లీ.